ఆహా ఓహో అని వెళ్ళినవాళ్ళు

మొన్నొక ఉదయం కొత్త చింతపండు పొట్లం విప్పగానే మా వంటగది నిండా ఆ వాసన కమ్ముకుంది, పులుపూ తీపీ ఎండిన ఆకూ వేడి మట్టీ అన్నీ కలిసిన వాసన. గిన్నె తిరిగి ఇచ్చిపోదామని వచ్చిన పక్కింటావిడ గడపలోనే ఆగిపోయి, "అబ్బ, ఏం చింతపండండీ ఇది, ఇంత మంచిది నా జన్మలో చూడలేదు, అసలు మీరు ఏది కొన్నా అంతే" అని రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది. మర్యాద తెలిసిన మనిషైతే అక్కడ నవ్వి ఊరుకోవాలి. నేను మాత్రం ఈమెకు ఏం కావాలా అని ఆలోచించాను. మా మేడ మీద వడియాలు ఎండబెట్టుకోవడానికి చోటు కావాలా, పిల్లవాడికి ఊరికే ట్యూషన్ చెప్పాలా, లేక రేపు ఎక్కడికైనా తోడు రమ్మంటుందా? ఏదీ తేలక, ఎందుకైనా మంచిదని గుప్పెడు చింతపండు కాగితంలో చుట్టి చేతిలో పెట్టాను. ఆవిడ మొహం చిన్నబోయింది. పాపం, ఆవిడకేమీ అక్కర్లేదు. బాగుందనిపించింది, బాగుందని అంది, అంతే. ఇరవై ఏళ్ళుగా మదనపల్లెలో పిల్లలకు పాఠాలు చెప్పుకుని బతుకుతున్నాను గానీ, ఒక మంచి మాటను మంచి మాటగా పుచ్చుకోవడం నాకు ఇంకా చేతకాలేదు.

ఈ జబ్బు నాకు పుట్టింటి నుంచి వచ్చింది. మాది పుంగనూరు. నాయనది చింతపండు మండీ. శివరాత్రి దాటి ఎండ ముదిరే వేళకు సోమల వైపు పల్లెల నుంచి గంపల్లో, గోనె సంచుల్లో, ఎద్దుల బండ్ల మీదా టెంపోల మీదా చింతకాయ దిగేది. మా ఇంటి ముందు వసారాలో పదిమంది ఆడవాళ్ళు కాళ్ళు చాపుకుని వరసగా కూర్చుని చెక్క సుత్తులతో టకటకా కొట్టి పెంకు రాలగొట్టి, నార లాగి, గింజ తీసి, పండును ఒక గంపలోకీ గింజను ఇంకో గంపలోకీ వేసేవాళ్ళు. పెంకు పొడి ఎండలో ఎగిరి మా జడల్లోకీ, బడి పుస్తకాల మధ్యకీ, అన్నం కంచాల్లోకీ చేరేది. గింజలు పిల్లల సొత్తు. వాటిని బండకేసి ఒకవైపు అరగదీసి బారాకట్ట ఆటలో పందేలుగా వేసుకునేవాళ్ళం, వేయించి నానబెట్టి బుగ్గన పెట్టుకుని సాయంకాలం దాకా చప్పరించేవాళ్ళం. ఉగాదికి పచ్చడిలో కలిసేది ఆ ఏటి కొత్త పండే. ఆ రోజు మా అవ్వ, నాయన వాళ్ళమ్మ, ఓలిగలు అంటే బొబ్బట్లు కాల్చి, పప్పు వంచిన నీళ్ళలో కొత్త చింతపండు పిసికి చారు కాచేది. ఆ చారు పొంగే వాసన ఇప్పుడు ఎంత తన్నుకున్నా నా చేతికి రాదు.

నాయన సరుకు కొనే తీరు చూడవలసిందే. రైతు సంచి మూతి విప్పి పక్కన నిలబడితే, నాయన లోపలికంటా చెయ్యి పెట్టి ఒక ముద్ద లాగి, విరిచి, ఎండకు ఎత్తి చూసి, వాసన పట్టి, కొంచెం నోట్లో వేసుకుని, ఆముదం తాగినట్టు మొహం పెట్టేవాడు.

"ఏందప్పా ఇది? యాల ఇంత నార ఉండాది? రంగు సూడు, ఎట్ల నల్లబడిపోయిందో. తడిగాని సల్లినావా ఏంది?"

"తడి యాడుండాది సామీ? ఇంగోతూరి నోట్లో యేసుకోని సూడు."

నాయన ఎంత తిడితే ఆ రైతు మొహం అంత విప్పారేది. ఎందుకంటే మా బజారులో వంకలు పెట్టేవాడే సరుకు తీసుకునేవాడు. అక్కర్లేని సరుకైతే నాయన అసలు తిట్టేవాడే కాదు. ముద్దను జాగ్రత్తగా మళ్ళీ సంచిలోనే పెట్టి, చేతులు దులుపుకుని, "సరుకు బో బాగుండాదప్పా. ఇంత మంచి పండు ఈ ఏడు నేను సూడలా. యాడన్నా పెద్ద మండీకి తీసకపో" అనేవాడు. రైతు ఇంకొక్క మాట మాట్లాడకుండా సంచి మూతి కట్టుకుని భుజానికెత్తుకునేవాడు. మొహం మీద వద్దని చెప్పడం మావాళ్ళకు పెద్ద తప్పు. వద్దనడానికి మేం పెట్టుకున్న మర్యాద పొగడ్త. ఇది ఎవరూ ఎవరికీ నేర్పలేదు. బజారులో పెరిగిన పిల్లలమందరికీ తెలుసు.

మా ఇంట్లో ఆ పొగడ్తకు ఒక పేరుంది, ఆహా ఓహో. తెలుగువాళ్ళందరికీ తెలిసిన మాటే, కానీ దాని వాడకం మీద నాకు ఎప్పటి నుంచో అనుమానాలు ఉన్నాయి. విడిగా చూస్తే ఆహా అన్నది నోటి నుంచి దానంతటది వచ్చే శబ్దం, ఓహో కూడా అంతే. రెండూ జంటగా కూర్చుంటే మాత్రం అది ఒకరి మీద పెట్టే నేరమైపోతుంది. ఎవరూ తమ గురించి "నేను ఆహా ఓహో అన్నాను" అని చెప్పుకోరు. ఎప్పుడూ వాళ్ళు అన్నారు, వీళ్ళు అన్నారు. అన్న తరువాత తప్పకుండా ఒక 'కానీ' వస్తుంది. మొదట్లో ఆహా ఓహో అన్నాడు కానీ, పిలిచినప్పుడు రాలేదు. అన్నిటికన్నా నాకు అనుమానం కలిగించేది ఇంకొకటి. ఫలానావాళ్ళు ఆహా ఓహో అన్నారంటే వాళ్ళు ఏమన్నారో ఇక చెప్పనక్కర్లేదు. దేన్ని మెచ్చుకున్నారు, ఎందుకు మెచ్చుకున్నారు, నిజంగా ఏ మాటలన్నారు, అవన్నీ ఆ నాలుగక్షరాల కింద పడి కనపడకుండా పోతాయి. ఇదంతా పెద్దయ్యాక తోచిన సంగతి. చిన్నప్పుడు అందరికన్నా ఎక్కువగా ఆ మాట వాడింది నేనే.

మా అవ్వ ఇంకో మెట్టు పైన ఉండేది. ఆమెకు పొగడ్తంటే దిష్టి. "అతి వినయం ధూర్త లక్షణం" అన్నది ఆమెకు గాయత్రి మంత్రం. ఎవరైనా ఇంటికొచ్చి, "మీ మనవరాలు చక్కగా ఉండాదమ్మా" అని పోతే వాళ్ళు వీధి మలుపు తిరిగేలోగా ఉప్పూ మిరపకాయలూ తెచ్చి నా చుట్టూ తిప్పి పొయ్యిలో పడేసేది. ఆ ఘాటుకు నేనొక్కదాన్నే కాదు, ఇంటిల్లిపాదీ దగ్గేవాళ్ళం. బడిలో అయ్యవారు నా దస్తూరి ముత్యాల్లా ఉందన్నాడని చెబితే నాయన కాసేపు ఆలోచించి, "ఆయప్పకు చింతపండు కావల్లేమో, రేపు రెండు ముద్దలు తీసకపో" అన్నాడు. తీసుకుపోయాను. అయ్యవారు పుచ్చుకున్నాడు కూడా. దాంతో మా ఇంటి సిద్ధాంతానికి తిరుగు లేకుండా పోయింది.

ఈ ఇంట్లో ఒక్క మనిషి మాత్రం వేరే రకం. మా మేనత్త సరోజ, నాయనకు చివరి చెల్లెలు, అప్పటికి ఆమెకు ఇరవై రెండేళ్ళుంటాయి. సరోజత్తకు ఏది చూసినా సంతోషమే. తొలకరి చినుకు పడితే పరిగెత్తుకుని వీధిలోకి వచ్చి అరచేతులు చాపి, "ఆహా! రాండే పిల్లల్లారా, సూడండే!" అని కేక పెట్టేది. దోర చింతకాయ కొరికి కళ్ళు మూసుకుని, నాలుక చప్పరించి, ఆ పులుపు చెవుల దాకా పోతోందని చెప్పి పకపకా నవ్వేది. వసారాలో చింతపండు కొట్టే ఆడవాళ్ళ జాకెట్టు కుట్టు బాగుంటే బాగుందని ఆగి చెప్పేది. ఎవరైనా ఆమెను మెచ్చుకుంటే, "అవునా? నిజ్జంగానా?" అని మొహమంతా వెలిగించుకుని, దాన్ని రోజంతా తలచుకుని మురిసిపోయేది. మునగచెట్టు ఎక్కించడం అంత సులువు ఇంకెవరినీ కాదు. "ఈ పిల్ల ఎవురేమన్నా నమ్మేస్తాది, ఎట్ల బతుకుతాదో" అని అవ్వ తల కొట్టుకునేది. నేను అవ్వ పక్షం. పదేళ్ళ దాన్ని, మండీలో నాయన పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని రైతులను చూసిన దాన్ని, అత్త కన్నా నాకే లోకం ఎక్కువ తెలుసని అనుకునేదాన్ని.

ఆ ఏడు చింతపండు సీజను చివర్లో సరోజత్తను చూసుకోవడానికి కుప్పం నుంచి వచ్చారు. సంబంధం తెచ్చింది మునెప్ప. ఆయన మా బజారులోనే దళారి, సీజను లేనప్పుడు పెళ్ళిళ్ళు కుదిర్చేవాడు. పిల్లవాడూ వాళ్ళ అమ్మా నాయనా, ముగ్గురే వచ్చారు. వాళ్ళకు కుప్పం స్టేషను దగ్గర కాఫీపొడి అంగడి ఉంది. ఆ తల్లి పేరు రాజమ్మ. బొద్దు మనిషి, ముక్కుకు రెండువైపులా పుడకలు, అరవం కలిసిన తెలుగు, పెద్ద గొంతు. చెప్పులు విడిచిన దగ్గర నుంచీ మొదలుపెట్టింది. ముగ్గు బాగుంది, వసారాలో చల్లగా ఉంది, గోడకు వేసిన సున్నం బాగుంది, మా పిల్లికి ఎంత బుద్ధి! ఒక్కో మెచ్చుకోలుకూ నాయన మొహం కొంచెం కొంచెం వాడిపోవడం నేను కళ్ళారా చూశాను. పక్కన కూర్చున్న మునెప్ప కూడా నేల చూపులు చూశాడు.

అత్త పులిహోర తెచ్చి పెట్టింది. రాజమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు పెద్దవి చేసింది.

"అయ్యయ్యో! ఎవురు సేసిందమ్మా ఈ పులిహోర? రొంబ బాగుండాది. ముప్పై ఏండ్లుగా సేస్తాండా, నా సేతికి ఒక్కనాడూ ఇట్ల రాలేదు సూడు."

పెళ్ళిచూపుల్లో పిల్ల తల వంచుకుని కూర్చోవాలి. సరోజత్త తల ఎత్తి, "సింతపండు మండీ కదమ్మా, మాకు పులుపు తప్ప ఇంకేమి తెలుసు?" అనేసి, అన్నందుకు తానే ఆపుకోలేక నవ్వేసింది. లోపలి గదిలో అవ్వ నుదురు కొట్టుకున్న చప్పుడు మా అందరికీ వినపడింది. రాజమ్మ మాత్రం ఒళ్ళంతా కదిలేలా నవ్వింది. ఆడవాళ్ళిద్దరూ ఒకరిని చూసి ఒకరు ఆపుకోలేక నవ్వుతూ ఉంటే, అంతసేపూ చాప అంచు గిల్లుతూ కూర్చున్న ఆ పిల్లవాడు మెల్లగా తలెత్తి అత్తను చూసి, తానూ నవ్వాడు.

పిల్ల ఇంట్లో కూర్చుని అవునని గానీ కాదని గానీ చెప్పకూడదని మా వైపు ఆచారం. ఇంటికి పోయి కబురు పెడతామంటారు. కబురు వస్తే పిల్లవైపు వాళ్ళు వెళ్ళి పిల్లవాడి ఇల్లు చూసి రావాలి, ఆ తరువాతే మాటలు. రాజమ్మ వాళ్ళూ అలాగే కబురు పెడతామని లేచారు. బస్టాండు దాకా దారి చూపమని నన్ను తోడు పంపారు. మగవాళ్ళిద్దరూ ముందు నడుస్తుంటే రాజమ్మ నా చెయ్యి పట్టుకుని వెనకాల నడిచింది. కబురు దాకా ఆగగలిగే మనిషి కాదామె. వీధి మలుపు తిరగగానే నా గడ్డం పట్టుకుని చెప్పింది.

"పాపా, మీ అత్త నవ్వుతాంటే నా కడుపు నిండిపోయింది. అట్లా నవ్వే పిల్ల మా ఇంటికి రావల్లని ఎన్నాళ్ళుగా మొక్కుకుంటాండానో నాకే తెలుసు. మీ నాయనతో సెప్పు, వచ్చే గురువారం అందురూ వచ్చి మా ఇల్లు సూసుకోని పొమ్మని. ఎదురుసూస్తాంటాము. మరిసిపోవద్దు కన్నా."

నేను తల ఊపాను. వాళ్ళు బస్సు ఎక్కారు. నేను తిరిగి వచ్చేసరికి ఇంట్లోవాళ్ళంతా వసారాలోనే కూర్చుని ఉన్నారు. సరోజత్త గడపకు ఆనుకుని నిలబడి ఉంది, తలలో పూలు కూడా తీయలేదు.

"దోవలో ఏమన్నారే పాపా?" అన్నాడు నాయన.

ఆ క్షణం నాకు బాగా గుర్తుంది. అందరూ నా నోటి వైపు చూస్తున్నారు. నేను నాయనలాగా చేతులు దులుపుకుని, పెద్దమనిషిలాగా పెదవి విరిచి, "ఏముండాది నాయనా? బస్టాండు దాకా ఆహా ఓహో అన్నారు" అన్నాను.

"అనుకుంటినిలే" అని నాయన లేచిపోయాడు. అవ్వ ఉప్పూ మిరపకాయల కోసం లోపలికి వెళ్ళింది. కాసేపటికి పెరట్లో నేను చింతగింజలు అరగదీసుకుంటుంటే అత్త వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఇంకేమన్నా అనిందా ఆయమ్మ?"

"అదే అత్తా. ఆహా ఓహో." నేను తల కూడా ఎత్తలేదు.

మరిచిపోయానని చెప్పుకుంటే నాకు సులువుగా ఉండేది. మరిచిపోలేదు. గురువారం అన్న మాటా గుర్తుంది, మొక్కుకున్నానన్న మాటా గుర్తుంది. అదంతా ఒక అబద్ధంలో భాగమని, ఆ అబద్ధాన్ని నేను కనిపెట్టేశానని అనుకున్నాను. "మంచి పండప్పా, పెద్ద మండీకి తీసకపో" అని నాయన అన్నప్పుడు ఏ రైతైనా ఇంటికి పోయి, ఫలానా మండీలో నా పండును ఇలా ఇలా మెచ్చుకున్నారని పెళ్ళానికి చెప్పుకుంటాడా? నేనూ చెప్పలేదు. తెలివైనదాన్నని చాలా గర్వపడ్డాను.

రెండు రోజుల తరువాత మునెప్ప మండీకి వచ్చాడు. నాయన ఆ మాటే చెప్పాడు, "ఆహా ఓహో అన్నారు మునెప్పా." మునెప్ప ఇంకేమీ అడగలేదు. మా బజారు మనిషికి అంతకన్నా ఏం చెప్పాలి? చెంబెడు మజ్జిగ తాగి, కుప్పం పిల్లవాడి ఫొటో జేబులో పెట్టుకుని, "పోనీలేప్పా, వాయల్పాడులో ఇంగొకటి ఉండాది" అని లేచాడు. తరువాత కబురు రాలేదని కూడా ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆ గురువారం మేమంతా ఇంట్లోనే ఉన్నాం. వసారాలో చింతపండు కొడుతున్న చప్పుడు.

వాల్మీకిపురాన్ని మావాళ్ళు వాయల్పాడనే అంటారు. అక్కడి నుంచి వచ్చినవాళ్ళు చెప్పులు విడుస్తూనే మా మెట్లు ఎత్తుగా ఉన్నాయన్నారు. కాఫీ నీళ్ళలా ఉందన్నారు. పిల్ల పొట్టిగా ఉందని, ఈ జడ సొంతమా సవరమా అని, మాటకు ముందే నవ్వుతుందేమిటని పిల్లవాడి తల్లి వరసగా అడుగుతూ ఉంటే, మా నాయన మొహం సీజను మొదటి రోజు లాగా కళకళలాడిపోయింది. వాళ్ళు వెళ్ళగానే తొడ చరిచి, "సూసినావా అమ్మా, తీసుకునేవాళ్ళ మాట ఇట్లుంటాది" అని అవ్వతో అన్నాడు. అవ్వ కూడా ఆ రోజు దిష్టి తీయలేదు. ఆ అవసరం రాలేదు. ఎండాకాలం ముగిసేలోగా సరోజత్త పెళ్ళయిపోయింది. పెళ్ళిలో పెట్టిన పులిహోరలో ఉప్పు తక్కువైందని వియ్యాలవారు అలిగితే, మా నాయన సంతోషంగానే బతిమాలాడు.

అత్తను వాళ్ళు కొట్టలేదు, పస్తు పెట్టలేదు. నిజం చెప్పాలంటే చెడ్డవాళ్ళు కూడా కాదు. మామది చిన్న చిల్లర అంగడి, నోట్లో నాలుక లేని మనిషి. కానీ మండీలో నాయన పెట్టే వంకలు సంచి తూకానికి ఎక్కగానే ఆగిపోయేవి. కొన్నాక ఆ పండును ఎవరైనా ఒక్క మాట అంటే నాయన పోట్లాటకు వెళ్ళేవాడు. వాయల్పాడులో వంకలు ఆగలేదు. పొద్దున చీపురు పట్టుకున్న తీరు దగ్గర నుంచి దీపం పెట్టేటప్పుడు వత్తి లాగిన తీరు దాకా, రోజూ, నవ్వుకు కూడా. అత్త ప్రతి ఉగాదికీ వచ్చేది. మొదటి ఏడు అవ్వ చారు తాగి ఆహా అని, వెంటనే అటూ ఇటూ చూసి ఊరుకుంది. తరువాతి ఏళ్ళలో తాగి గ్లాసు కింద పెట్టేది. వసారాలో ఆడవాళ్ళ మధ్య నడిచిపోయేటప్పుడు ఎవరి దగ్గరా ఆగేది కాదు. "ఇప్పుడు బుద్ధి వచ్చింది పిల్లకు" అని అవ్వ సంతోషించింది.

రెండు వేల సంవత్సరం దాటాక నేను చదువుకోవడానికి రెండేళ్ళు కుప్పంలో హాస్టల్లో ఉన్నాను. ఒకరోజు స్టేషను వైపు వెళ్ళి, కాఫీ గింజలు వేగే వాసనకు ఒక అంగడి ముందు ఆగాను. గల్లా దగ్గర కూర్చున్న బొద్దు మనిషి నన్ను చూడగానే, "ఏం కండ్లమ్మా నీవి, దీపాల మాదిరి ఉండాయి" అంది. చికోరీ ఎక్కువ కలిపి అంటగట్టబోతోందని నాకు అనుమానం వచ్చింది. ఏ ఊరని అడిగింది. పుంగనూరు, చింతపండు మండీ అన్నాను. ఆమె చేతిలో తూకం గిన్నె అలాగే ఆగిపోయింది. అప్పుడు ఆ రెండు ముక్కుపుడకలూ చూశాను.

"మీ ఇంటికి ఒకతూరి వచ్చినామమ్మా. మీ అత్త కోసరం. ఆ గురువారం తెల్లారే లేసి ఓలిగలు సేసినా. మావాడు తెల్లసొక్కా యేసుకోని బస్టాండులో నిలబడినాడు. నాలుగు బస్సులు సూసినాడు పాపం. మీరు రాలా. మేము నచ్చలేదేమో అనుకోని, కబురు పెట్టేదానికి కూడా ముకం సెల్లలా." కాసేపు నన్నే చూసింది. "ఆ పొద్దు దోవ సూపినది నువ్వే కదా? మీ నాయనతో సెప్పినావా?"

"చెప్పినానమ్మా" అన్నాను.

"అయితే సరేలే, రుణం లేదు" అని నవ్వి, పొడి కట్టి, పైన ఇంకో చెంచా కొసరు వేసింది. లోపలి నుంచి ఒక చంటిపిల్లను ఎత్తుకుని ఆమె కోడలు వచ్చింది. కుదురుగా ఉంది, మొహం కళగా ఉంది. నేను పొట్లం తీసుకుని వచ్చేశాను. ఆ కొసరు ఎందుకు వేసిందా అని దారంతా ఆలోచించాను, నా బుద్ధి అలా ఏడ్చింది. హాస్టలుకు వచ్చాక గానీ నాకు ఏడుపు రాలేదు. సరోజత్త బతుకును నేనే నాలుగక్షరాల్లో చుట్టి పారేశానని అప్పుడు తెలిసింది. నాయనను తప్పు పట్టాలని చాలా ప్రయత్నించాను. ఆయన అడిగాడు. అత్త కూడా విడిగా వచ్చి అడిగింది. చెప్పవలసింది నేను.

ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా ఇరవై ఏళ్ళు దాచుకున్నాను. ఈలోగా నాయన పోయాడు, అవ్వ అంతకుముందే పోయింది, మండీ ఉన్నచోట సెల్‌ఫోన్ల అంగడి వచ్చింది. ఇప్పుడు రైతుకు ధర ఫోనులోనే తెలిసిపోతుంది, అక్కర్లేని సరుకును అక్కర్లేదనే చెబుతారు. పొగడ్తతో వద్దనే ఆ పాత మర్యాద మా బజారులో ఎవరికీ గుర్తున్నట్టు లేదు. ఫోనులో అందరూ అందరినీ సూపర్ అంటున్నారు. నేను ప్రతిదాన్నీ రెండుసార్లు చదువుతాను.

పోయిన నెల సరోజత్త కళ్ళు చూపించుకోవడానికి మదనపల్లె వచ్చింది. చూపించుకున్నాక బస్టాండులో వాయల్పాడు బస్సు కోసం కూర్చున్నాం. మా ముందు కుప్పం బస్సు వచ్చి ఆగింది. అత్త దాని బోర్డును, మందు వేసిన కళ్ళతో, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. ఇక నా వల్ల కాలేదు. అంతా చెప్పేశాను, గురువారం, ఓలిగలు, తెల్లచొక్కా, పెరట్లో తల ఎత్తకుండా నేను చెప్పిన జవాబు. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ఆయమ్మ ఏమనింది?" అంది అత్త. "అనినట్లే సెప్పు."

రాజమ్మ అన్నది అన్నట్టే, ఆమె యాసలోనే చెప్పాను. అత్త పెదవులు నాతో పాటు మెల్లగా కదిలాయి.

"ఇంగోతూరి సెప్పు."

మళ్ళీ చెప్పాను. వాయల్పాడు బస్సు వచ్చింది, కండక్టరు కేక వేశాడు, అత్త లేవలేదు. ఆ బస్సు పోయింది. మూడోసారి చెప్పాను. నవ్వు దగ్గరికి వచ్చేసరికి ఆమె మొహంలో ఏదో కదిలింది, నా చిన్నప్పటి అత్త మొహం కనపడుతుందనే ఆశతో నేను చూస్తూ కూర్చున్నాను. ఆమె చాలాసేపు చేతిసంచీ తాడు సరిచేసుకుంటూ ఉండి, తరువాత నా వైపు తిరిగింది.

"నిజ్జంగా అనిందా పాపా? నా మనసు కోసరం నువ్వు కలిపి సెప్తాండావా?"

"ఒట్టు అత్తా. అనింది."

"సరేలే" అంది.

తరువాతి బస్సు వచ్చింది. చెయ్యి పట్టుకుని ఎక్కించి, కిటికీ పక్కన కూర్చోబెట్టి దిగాను. మా ఇంటి మొత్తం మీద ఒక మంచి మాట చెవిన పడగానే నమ్మేసే మనిషి ఆమె ఒక్కతే ఉండేది. బస్సు కదిలేటప్పుడు కూడా ఆమె నన్నే చూస్తోంది, అనుమానంగా.